క్రిములకు వండిపెట్టే పిన్ని

ఆ పరిశోధనశాల నాలుగంతస్తులూ గాలించినా, పిన్నికి పిన్ని అని కాక ఇంకో పేరుందని తెలిసినవాళ్ళు దొరకరు. జీతాల గుమాస్తాకు తెలుసేమో గానీ, అతనూ పిన్నీ అనే పిలుస్తాడు. ఆవిడ ఉద్యోగం వంట. తినేది మాత్రం మనుషులు కాదు, క్రిములు. గొంతు పట్టించేవి, కడుపు చెడగొట్టేవి, పుండు మాననివ్వనివి, ఏవైనా సరే గాజుసీసాల్లో పెరగాలంటే తిండి కావాలి కదా. పొద్దున్నే ఆ తిండి కలిపి, మనిషి పట్టేంత ప్రెషర్ కుక్కరులో పెట్టి ఉడికించి, చల్లార్చి సీసాలకు పోసేది పిన్ని. "మా పిల్లలు" అంటుంది వాటిని. చంపడానికి పెంచే పిల్లలేమిటమ్మా అని ఎవరైనా నవ్వితే, "మీ ఇంటికొచ్చిన చుట్టాలకి మాత్రం, ఎప్పుడు పోతారా అని చూస్తూ వడ్డించడం లేదూ?" అని నోరు మూయిస్తుంది.

ఆ నోరు పుట్టుకతో వచ్చింది కాదు. పుట్టింట్లో ఆవిడ నోట్లో నాలుక లేని పిల్ల. అత్తగారేమో వంటింటికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని తిరిగే మనిషి. అందరూ తిన్నాక అడుగూ బొడుగూ మిగిలితే కొత్తకోడలికి, లేకపోతే మంచినీళ్ళు. కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఒకరోజు కడుపులో ఎలుకలు పరుగెడుతుంటే రోకలిబండతో తాళం పగలగొట్టింది. ఆ రోజు లేచిన గొంతు మళ్ళీ దిగితే ఒట్టు. వీధి వీధంతా గయ్యాళి అని బిరుదిచ్చింది. నిక్షేపంలాంటి పిల్ల, మెట్టినింట్లో కాలు పెట్టగానే ఇలా తయారైందేమిటని పుట్టింటివాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. తన చేతి మీదుగా వెళ్ళే తిండి ఎవరికీ చాలకుండా పోకూడదని ఆవిడ అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

ఆ ఒట్టే ఇప్పుడు కొంప ముంచింది.

మూడో అంతస్తులో పనిచేసే పరిశోధకురాలిని అందరూ పొట్టి డాక్టరు అంటారు. మనిషి జానెడు, కోపం మూరెడు. హాస్టల్లో ఉంటుంది, తిండీ నిద్రా ఒక వేళకుండవు. ఇద్దరు మగపిల్లల్ని కని, వాళ్ళ నోట "ఊ" తప్ప ఇంకో మాట వినని పిన్నికి ఈ పిల్ల వాగుడు ప్రాణం. మధ్యాహ్నం తన డబ్బాలోంచి సగం తీసి పెడితేగానీ ముద్ద దిగదు. అలాంటి పిల్ల బల్ల ఖాళీ చేయాల్సిన రోజు దగ్గరపడింది. నెలాఖరులోగా ఆ పిల్ల పెంచుతున్న క్రిములు వెలగాలి. వెలగకపోతే పని ఆపేసి వెళ్ళిపొమ్మని పెద్దసారు మర్యాదగానే చెప్పేశాడు.

"అసలు క్రిమి వెలగడమేమిటే?" అని ఆ రోజు డబ్బా మూత తీస్తూ అడిగింది పిన్ని.

పొట్టి డాక్టరు నిట్టూర్చింది. "ఇవి బయట ఉన్నంతసేపూ అమాయకపు మొహాలు పిన్నీ. వాటి దగ్గర విషం చేసే జన్యువు ఉంటుంది, కానీ మూసుకుని ఉంటుంది. మన ఒంట్లోకి దూరాకే తెరుచుకుంటుంది."

"లోపలికొచ్చామని దానికెలా తెలుస్తుందట? కళ్ళా, కాళ్ళా?"

"ఆకలేస్తుంది. మన ఒళ్ళు మహా పిసినారిది. ఇనుమంతా దాచేస్తుంది, బయటివాడికి రవ్వంత కూడా దొరకనివ్వదు. ఇనుము లేకపోతే క్రిమి బతకదు. కడుపునిండా ఇనుము ఉన్నప్పుడు ఒక ప్రోటీను ఆ ఇనుమును పట్టుకుని, విషం జన్యువు మీద బైఠాయించి లేవనివ్వదు. ఇనుము అయిపోయిందనుకో, ఆ కాపలావాడు దిగిపోతాడు, జన్యువు తెరుచుకుంటుంది, విషం మొదలు. క్రిమి మన కణాలు పగలగొట్టి, అవి దాచుకున్న ఇనుము లాక్కుంటుంది. ఆ జన్యువుకు నేనొక దీపం తగిలించాను. అది తెరుచుకుంటే దీపం వెలుగుతుంది. అందుకే నీకు ఆ వట్టి ఉప్పునీళ్ళ తిండి రాసిచ్చాను, అందులో ఇనుము లేదు. అయినా వెలగవే! సీసాలు మార్చాను, నీళ్ళు మార్చాను. చచ్చినవాటిలా ఉంటే సరే అనుకోవచ్చు, చక్కగా బలిసి కూర్చున్నాయి!"

పిన్ని నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

ఆ రాసిచ్చిన కాగితం గోడ మీద అతికించిన రోజే ఆవిడకు ఒళ్ళు మండింది. నాలుగు రకాల ఉప్పులూ కాస్త చక్కెరా. ఖైదీలకైనా ఇంతకంటే నయంగా పెడతారు కదా అనుకుంది. పొట్టి డాక్టరు అటు తిరగగానే మిగతా సీసాల్లో బలానికి కలిపే ఈస్టు పొడి డబ్బా తీసి, ఒక చెంచా పడేసింది. ఆ తరువాత ప్రతిసారీ పడేస్తూనే ఉంది. క్రిములు బాగా పెరిగాయి. నీ చేతిలో ఏదో ఉంది పిన్నీ అని ఆ పిల్ల మెచ్చుకుంటే మురిసి ముక్కలైంది కూడా.

"ఈస్టు పొడిలో ఇనుముంటుందా?" అని అడిగింది, గొంతు వీలైనంత మామూలుగా పెట్టి.

"బోలెడు. ఏం?"

"ఊరికే అడిగాలే. తిను."

సాయంత్రం ఇంట్లో మొగుడికి చెప్పుకుంది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు, కంటికి భూతద్దం పెట్టుకునే మాట్లాడతాడు. "రేపట్నుంచి వెయ్యకు. వాటంతటవే వెలుగుతాయి. నిన్నెవరడుగుతారు?" అన్నాడు.

"తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది కదూ?"

"నోరు తెరిస్తే ఊడుతుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్క రోజు మూసుకుని చూడు, ఎలా ఉంటుందో."

సలహా బాగానే ఉంది. పిన్ని మర్నాడు మూసుకునే వెళ్ళింది. పొడి డబ్బా పైఅరలోకి తోసేసి, ఉప్పునీళ్ళు కలపడానికి గిన్నె తీసింది. అంతలో పొట్టి డాక్టరు పెద్ద ట్రే మోసుకుంటూ వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. ట్రే నిండా చిన్న గొట్టాలు, ఇన్నాళ్ళూ మంచులో దాచుకున్న క్రిముల మూలవిత్తనమంతా అదే.

"ఇవన్నీ ఉడకబెట్టెయ్ పిన్నీ. దీపం నేనే తప్పుగా తగిలించాను. మళ్ళీ మొదట్నుంచి చేసే టైము లేదు. వెళ్ళి పెద్దసారుకు చెప్పేస్తాను."

పిన్ని గబగబా వెళ్ళి కుక్కరు మూతకు అడ్డంగా నిలబడింది. "నీ దీపం బంగారంలా ఉందే అమ్మాయ్. తప్పు నాది. నీ తిండిలో నేను ఈస్టు పొడి వేశాను. మొదట్నుంచీ వేస్తూనే ఉన్నాను. పాపం ఆకలితో ఉంటాయని... నా బుద్ధి గడ్డి తిన్నది!"

పొట్టి డాక్టరు తిడుతుందని కాచుకుంది. తిట్టినా బాగుండేది. ఆ పిల్ల ట్రే బల్ల మీద పెట్టి, గోడ మీది కాగితం ఊడదీసి పిన్ని చేతికిచ్చింది.

"ఇందులో ఉన్నదే చేయండి. ఇంకేమీ వేయకండి."

చేయండి! నువ్వు, తిను, రావే పిన్నీ అనే పిల్ల 'చేయండి' అంది. వీధంతా గయ్యాళి అన్నప్పుడు కూడా పిన్నికి ఇంత బాధ కలగలేదు. ఉప్పులు తూకం వేస్తుంటే కన్నీళ్ళు గిన్నెలో పడతాయేమో, వాటిలో కూడా ఇనుముంటుందేమో అని వెనక్కి వెనక్కి జరిగింది. ఆ మధ్యాహ్నం డబ్బాలో సగం అలాగే మిగిలిపోయింది. మర్నాడూ అంతే.

మూడోరోజు చీకటిగదిలోంచి ఒక కేక వినిపించింది. పిన్ని పరుగెత్తింది. తలుపు తీసే ధైర్యం చాలక గుమ్మంలో ఆగిపోతే, లోపల్నుంచి పొట్టి డాక్టరే తలుపు తీసింది. సీసాల్లో పలచగా, నీలిపచ్చగా వెలుగు. క్రిములు బక్కచిక్కి, కొంచెమే పెరిగి, ప్రతి సీసాలోనూ వెలుగుతున్నాయి. ఆ పిల్ల బల్ల ఆ పిల్లకు దక్కింది. పిన్ని సంతోషం పట్టలేకపోయింది. దాని వెనకే, "అయ్యో, ఎంత ఆకలేస్తే ఇలా అయ్యుంటాయో" అని కూడా అనిపించింది. ఎంత వద్దనుకున్నా ఆ మాట మనసులోంచి పోలేదు.

పెద్దసారు వచ్చి చూసి, తల ఊపి, మరి ఇంతకాలం ఏమైందని అడిగాడు. పొట్టి డాక్టరు నోరు తెరిచేలోపే పిన్ని ముందుకొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఎన్నేళ్ళనుంచో పనిచేస్తున్న మనిషి, పైగా దాచకుండా చెప్పింది.

"సరేనమ్మా. ఇకమీదట రాసిచ్చినదానికి ఒక్క రవ్వ కూడా కలపనని మాటివ్వండి. ఇక్కడితో వదిలేద్దాం."

ఎంత తేలిక! 'అలాగేనండి' అంటే చాలు, వంటగది ఉంటుంది, పేరుంటుంది. పొట్టి డాక్టరు కూడా అనెయ్యమన్నట్టు కళ్ళతో సైగ చేసింది. పిన్ని ఆ సీసాల వంక చూసింది.

"ఇవ్వలేనండి" అంది. "ఇవాళ ఇస్తాను, నెల తిరిగేసరికి నా చెయ్యి నా మాట వినదు. ఆకలితో ఉంచాలని తెలిసీ వడ్డించడం నావల్ల కాదు. ఈ పిల్ల పని మళ్ళీ నా చేత్తో చెడిపోకూడదు. నన్ను సీసాలు కడిగే గదికి మార్చండి. తోమడంలో ఎంత పెట్టాలో చూసుకోనక్కర్లేదు కదా."

పెద్దసారు బదిలీ కాగితం మీద సంతకం పెట్టాడు.

కడిగే గది కింది అంతస్తులో ఉంది. ఇనుము మరక మిగలకుండా ప్రతి సీసానూ యాసిడ్ నీళ్ళలో నానబెట్టి, శుద్ధమైన నీళ్ళతో పదేపదే తొలవాలి. వంటగదిలోకి ఎవరో కొత్తమ్మాయి వచ్చిందట, తూకం దగ్గర మహా ఖచ్చితమట. విని, "మంచిదేగా" అంది పిన్ని. ఇంకో సీసా అందుకుని తొలవడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం దాటాక తలుపు చప్పుడైంది. పొట్టి డాక్టరు చేతినిండా మురికి సీసాలతో వచ్చి, వాటిని తొట్టి పక్కన పెట్టింది. వెళ్ళిపోతుందనుకుంది పిన్ని. వెళ్ళలేదు. చిన్నపిల్లలా మూతి ముడిచింది.

"పిన్నీ" అంది, "ఆకలేస్తోంది."