గొర్రె బిళ్ళ మీద పాల మచ్చలు

2018 ఎండాకాలం. హాలియాలో సాగర్ వైపు పోయే రోడ్డు మీద, ఎరువుల దుకాణాల వరుసలో మా వెండి దుకాణం ఉంది. మా ఆయన వెనక గదిలో పని మీద కూర్చుంటాడు. పట్టీలకు గజ్జెలు అతకడం, తెగిన మొలతాళ్ళు కలపడం ఆయన పని. ముందు కౌంటర్ నాది. బేరం, తూకం, టంచ్ చూడడం నేనే చేస్తాను. టంచ్ అంటే వస్తువులో అసలు వెండి ఎంత ఉందో తేల్చడం. అంతకు ముందు ఏడాదే దానికి మిషన్ కొన్నాం. వస్తువును లోపల పెట్టి మూత వేస్తే, కోయకుండా, కాల్చకుండా ఎక్స్‌రేతోనే లెక్క తెర మీద చూపిస్తుంది.

మా దగ్గర కొనేవాళ్ళలో ఎక్కువమంది కాలువ కింద వరి వేసేవాళ్ళు. పంట చేతికొచ్చాక పట్టీలో, కుంకుమ భరిణెలో కొనుక్కుపోతారు. బులియన్ నాణేలు అడిగేవాళ్ళు చాలా తక్కువ. బులియన్ అంటే నగగా పెట్టుకోవడానికి కాక, వెండిని వెండిగా దాచుకోవడానికి కొనేది. అందులో కల్తీ దాదాపు ఉండదు. వెయ్యికి తొమ్మిదొందల తొంభై తొమ్మిది పాళ్ళు వెండే కనుక మా వ్యాపారంలో దాన్ని త్రిబుల్ నైన్ అంటాం. హైదరాబాద్‌లో మాకు సరుకిచ్చే వ్యాపారి ఒకసారి విదేశీ టంకశాలల బులియన్ నాణేలు కొన్ని మాకు అంటగట్టాడు. ఒక్కొక్కటి ముప్పై ఒక్క గ్రాములు, అద్దంలా మెరిసే ముఖం, గుండ్రటి పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బీలో ఉంటుంది. ఆ డబ్బీని క్యాప్సూల్ అంటారు. "హాలియాల గివి ఎవరు కొంటరు?" అని మా ఆయన విసుక్కున్నాడు.

కొన్నది మల్లయ్య.

తిరుమలగిరి అవతల గుట్టల కింది ఊరు ఆయనది. గొర్ల కాపరి. ఏభై దాటిన మనిషి, బక్కపలచన, భుజం మీద ఎప్పుడూ గొంగడి. ఆ ఎండాకాలానికి రెండేళ్ళ ముందు, భార్య లింగమ్మ కడియం విరిగితే అతికించుకుందామని మొదటిసారి వచ్చాడు. పని అయ్యేదాకా ఊరికే కూర్చోక అద్దాల బల్లలోకి చూస్తూ ఒకచోట ఆగిపోయాడు.

"చెల్లె, గా బిళ్ళ మీద గొర్రె ఎందుకున్నది?"

"గొర్రె కాదన్నా, మేక. దాంతోని వచ్చిన కాగితం మీద మేక అనే ఉన్నది."

ఆయన అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూశాడు. "ఒళ్ళు సూస్తె గొర్రె, గడ్డం సూస్తె మేక. గీసినోడు రెండిట్ల ఏదీ కాసినోడు గాదు."

తర్వాత వ్యాపారిని అడిగితే తెలిసింది. ఆ నాణెం చైనావాళ్ళ పంచాంగం ప్రకారం కొట్టిందట. అందులో ఏడాదికొక జంతువు పేరు ఉంటుందట, మేకకూ గొర్రెకూ వాళ్ళకు ఒకటే మాటట. మల్లయ్యకు ఆ సంగతి చెబితే చాలా సంతోషపడ్డాడు. పొట్టేళ్ళు అమ్మిన డబ్బుతో ఆ బిళ్ళ కొనుక్కుపోయాడు.

ఆ తర్వాత పొట్టేళ్ళు అమ్మిన ప్రతిసారీ వచ్చేవాడు. గుర్రం బొమ్మ ఒకటి, గుడ్లగూబ ఒకటి, పొట్ట మీద సంచిలో పిల్లను మోసే కంగారూ ఒకటి. "లక్ష్మీదేవి బిళ్ళ తీసుకోరాదన్నా" అని నేనంటే నవ్వేవాడు. "లక్ష్మి మా దొడ్లనే ఉన్నది చెల్లె. గీ సంచి జీవాన్ని నేనెక్కడ సూడాలె?"

నాణేలు పోగుచేసేవాళ్ళను అంతకుముందూ చూశాను. ఎక్కువమంది వాటిని పెట్టెలో పెట్టి తాళం వేసి, ధర పెరిగిందా లేదా అని మాత్రం అడుగుతారు. మల్లయ్య ధర ఎప్పుడూ అడగలేదు. పండుగకు పెట్టె తీసి చూసుకోవడానికి కొనేవాడు.

ఆ ఎండాకాలం ఒక పొద్దున, దుకాణం తీసి ఇంకా ఊడవకముందే ఆయన వచ్చి నిలబడ్డాడు. గొర్రె బిళ్ళ క్యాప్సూల్‌ను కౌంటర్ మీద పెట్టాడు.

"దీనికి బొబ్బలు లేసినయి, చెల్లె."

చూశాను. గొర్రె మూతి మీద, మెడ కింద, వెనక తొడ మీద తెల్లటి మచ్చలున్నాయి. పాలచుక్కలు పడి ఎండిపోయినట్టు మసకగా ఉన్నాయి. వెండి నల్లబడడం మాకు రోజూ ఉండేదే. గాలిలోని గంధకం తగిలితే నల్లబడుతుంది, దాన్ని టార్నిష్ అంటాం, శుభ్రం చేస్తే పోతుంది. ఈ తెలుపు మాత్రం నేను ఎన్నడూ చూడలేదు.

"ఎప్పుడు చూసినవన్నా?"

"మొన్న. మందల రెండు పిల్లలకు బొబ్బ రోగం తగిలింది. పోచమ్మకు దీపం పెడదామని మా ఇంటామె పెట్టె తీసింది. తీస్తె గిట్లున్నది. గొర్రెల ఒంటి మీద ఎక్కడ లేసినయో దీనికి గూడ అక్కడ్నే లేసినయి."

ఆయన గొంతు పెంచలేదు. నెమ్మదిగానే చెప్పాడు. పోచమ్మ తల్లి ముందే చూపించింది, ఇక మంద మిగలదు అని లింగమ్మ తేల్చేసిందట. ఊళ్ళో కూడా అదే మాటట. సగం ధరకు మందంతా తోలుకుపోతానని ఒక బేరగాడు ఎల్లుండి వస్తానన్నాడట.

"మచ్చలు తీస్తవా చెల్లె? తీస్తె మందను ఉంచుకుంట. తీయరాకుంటె అమ్ముత. ఇంటామెకు గదే మాట చెప్పి వచ్చిన."

వెనక గదిలోంచి మా ఆయన వచ్చి బిళ్ళను చూసి, "బఫ్ పెడితె రెండు నిమిషాల పని" అన్నాడు. బఫ్ అంటే తిరిగే గుడ్డ చక్రం మీద మెరుగు పెట్టడం. నేను చేయి అడ్డం పెట్టాను. ఆ మచ్చ పైనుందో, లోపలుందో తెలియకుండా చక్రం తాకించడానికి మనసొప్పలేదు. నా దగ్గర అదే గొర్రె బిళ్ళ, మచ్చ లేనిది, ఇంకొకటి ఉంది. దాన్ని తీసి చూపించాను.

"ఇది తీసుకపో అన్నా. నీది నేను ఉంచుకుంట."

మల్లయ్య దాన్ని ముట్టుకోలేదు. "రోగమొచ్చిందని దేవత చూపెట్టినంక, వేరే గొర్రెను తెచ్చి చూపెడితె ఒప్పుకుంటదా?"

రేపు మధ్యాహ్నం వదినను వెంటబెట్టుకుని రమ్మన్నాను. అప్పటిదాకా బేరగాడికి మాట ఇవ్వొద్దన్నాను. పిల్లల సంగతి కూడా అడిగాను. జబ్బు పడ్డవాటిని మందలోనే ఉంచాడు.

"బిళ్ళ సంగతి నేను చూస్త. పిల్లల సంగతి నాకు తెల్వదన్నా, అది పశువుల డాక్టర్‌నే అడగాలె. ఇప్పుడే దవాఖానకు పోయి చెప్పి పో."

ఆయన పోయాక చేతులకు తొడుగులు వేసుకుని బిళ్ళను అంచు పట్టి బయటికి తీశాను. మిషన్‌లో మచ్చ ఉన్నచోట చూశాను, లేనిచోట చూశాను. రెండుచోట్లా త్రిబుల్ నైనే. కల్తీ లేదని తేలింది, కాని మచ్చ ఎక్కడిదో మిషన్ చెప్పలేదు. హైదరాబాద్ వ్యాపారికి ఫోన్ చేశాను.

"మిల్క్ స్పాట్స్, అమ్మా. రుద్దకండి" అన్నాడు ఆయన, అదేదో అందరికీ తెలిసిన విషయమైనట్టు.

బొమ్మ కొట్టకముందు నాణెం నున్నటి వెండి బిళ్ళగా ఉంటుంది. దాన్ని బ్లాంక్ అంటారు. దాన్ని మందు నీళ్ళతో కడిగి, మెత్తబడేందుకు కొలిమిలో వేడి చేస్తారట. కడిగిన మందు ఎక్కడైనా కాస్త మిగిలిపోతే ఆ వేడికి వెండికి అతుక్కుపోతుందట. అప్పుడు కంటికి కనబడదు. నెలలకో, ఏళ్ళకో తెల్లగా పైకి వస్తుంది. ఎప్పుడు వస్తుందో, దేనికి వస్తుందో కొట్టినవాళ్ళకే తెలియదట.

విన్నాను గాని నాకు తృప్తి కలగలేదు. నేనే కంటితో చూడకుండా రేపు లింగమ్మకు ఎట్లా చెప్పాలి? అల్మారాలో అడుగున ఆ వ్యాపారి అంటగట్టిన మిగతా సరుకు ఉంది. ప్లాస్టిక్ గొట్టంలో ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆకు బొమ్మ నాణేలవి. వచ్చిన నాటి నుంచి సీలు విప్పలేదు. విప్పి బల్ల మీద బట్ట పరిచి ఒక్కొక్కటే పెట్టాను. నాలుగైదింటి మీద అవే తెల్లటి చుక్కలున్నాయి. ఒకదానికి ఆకు మొన మీద, ఒకదానికి కాడ మీద, ఒకదానికి బొమ్మ లేని ఖాళీ జాగాలో. ఏ చేయీ తగలని నాణేలవి.

అప్పుడు నాకు నిజంగా ఉత్సాహం పుట్టింది. నష్టమైతే అయిందని మచ్చలున్న ఆకు బిళ్ళలు తీసుకున్నాను. ఒకదాన్ని వెండి రేకు పరిచిన గిన్నెలో, వంట సోడా కలిపిన వేడి నీళ్ళలో వేశాను. మేం వెండి రేకు అంటాం గాని అది అన్నం పొట్లాలు కట్టే అల్యూమినియం కాగితమే. నలుపైతే ఈ నీళ్ళలో తేలిగ్గా వదిలేది. తెలుపు కదలలేదు. ఇంకొకదాన్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. మచ్చ కొంచెం పలచబడింది గాని చుట్టూ అద్దంలాంటి మెరుపు చచ్చిపోయి గీతలు పడ్డాయి. మూడోదాన్ని మా ఆయనకిచ్చి బఫ్ పెట్టమన్నాను. మచ్చ పోయింది. ఆకు ఈనెలు కూడా పోయాయి.

మర్నాడు ఇద్దరూ వచ్చారు. లింగమ్మ గట్టి మనిషి, కూర్చోమన్నా కూర్చోలేదు. కొంగు నడుముకు బిగించి నిలబడే ఉంది. ఆమె ముందర మచ్చలున్న ఆకు బిళ్ళలు వరసగా పెట్టాను.

"ఇవేంది?" అంది.

"మీ గొర్రె బిళ్ళ అసోంటియే వదినా. వచ్చినప్పటి సంది సీలు తీయలే. నిన్న తీసిన."

ఆమె ఒకటి తీసి వెలుతురుకు పట్టుకుంది. ఇంకొకటి తీసింది. గొర్రె బిళ్ళ పక్కన పెట్టి పోల్చింది. చాలాసేపటికి మల్లయ్య వైపు తిరిగింది.

"గొర్రెకంటె బొబ్బలు. ఆకుకు ఏ రోగమొస్తది?"

వ్యాపారి చెప్పిన కొలిమి సంగతి, మందు నీళ్ళ సంగతి నేను చెప్పాను. మల్లయ్య శ్రద్ధగా విని, "అయితె గొర్రె పుట్టకముందే మచ్చ పుట్టిందా?" అన్నాడు.

"అవునన్నా. బొమ్మ కొట్టకముందే లోపలున్నది. ఇంతకు ముందు పెట్టె ఎప్పుడు తీసిన్రు?"

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. "దసరాకు. అప్పుడు మచ్చల్లేకుండె" అంది లింగమ్మ. వెంటనే మళ్ళీ ఆమే అంది. "అప్పటికి గా పిల్లలు పుట్టనే లేదు."

దసరాకూ మొన్నటికీ మధ్య ఏ రోజు ఆ మచ్చలు తేలాయో ఎవరికీ తెలియదు. మందకు జబ్బొచ్చిన నాడే వాళ్ళు పెట్టె తీశారు, అంతే.

తర్వాత బఫ్ పెట్టిన ఆకు బిళ్ళ చూపించాను. "మచ్చ తీయమంటె తీస్త. గొర్రె ముఖం గూడ పోతది." లింగమ్మ తన బిళ్ళను వెంటనే క్యాప్సూల్‌లో పెట్టి మూత నొక్కింది. "తల్లికి చేసే మొక్కు చేస్త. అది వేరే" అంది నాతో, నేనేదో కాదన్నట్టు. నేను కాదనలేదు.

డాక్టర్ అప్పటికే వాళ్ళ ఊరికి పోయి వచ్చాడని మల్లయ్య చెప్పాడు. జబ్బు పడ్డవాటిని వేరే దొడ్లో కట్టించి, బాగున్నవాటికి టీకాలు వేశాడట. రోగమున్న మందను ఇంకొక ఊరికి తోలితే అక్కడ కూడా అంటుకుంటుందని గట్టిగా చెప్పాడట. ఆ మాట, ఆకు బిళ్ళ, ఏది ఎంత పని చేసిందో నాకు తెలియదు. బేరగాడిని మాత్రం వాపస్ పంపారు.

అన్ని పిల్లలూ దక్కలేదు. కొన్ని పిల్లలు చనిపోయాయి, వాటితోపాటు మంద ముందు నడిచే ముసలి గొర్రె ఒకటి. మిగతా మంద నిలబడింది.

వానలు పడ్డాక ఒకనాడు మల్లయ్య గొడుగు మూస్తూ వచ్చాడు. పొట్టేళ్ళు ఇంకా అమ్మలేదు, ఊరికే వచ్చానన్నాడు. గొర్రె బిళ్ళ ఎట్లా ఉందని అడిగాను.

"ఇంకోటి లేసింది, చెవి కాడ" అన్నాడు మామూలుగా. "మంచిగనే ఉన్నది చెల్లె. మచ్చ లేనప్పుడు నీ కాడున్న దానికి, నా కాడున్న దానికి ఫరక్ లేకుండె. ఇప్పుడు వెయ్యి బిళ్ళల్ల కలిసిపోయినా నాది నేను పట్టుకొస్త."

మచ్చలున్న ఆకు బిళ్ళల్లో ఒకటి ఇప్పటికీ అమ్మకుండా ఉంచుకున్నాను. తెల్ల మచ్చ పడిన వెండి తెచ్చినవాళ్ళకు దాన్ని చూపించి, శుభ్రం చేయకపోవడమే ఎందుకు మంచిదో చెబుతాను. అది వ్యాపారంలో నేర్చుకున్న పాఠం. మల్లయ్య దగ్గర నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. అంతకుముందు ఎవరైనా మచ్చ చూపిస్తే నేరుగా మిషన్ దగ్గరికి నడిచేదాన్ని. ఇప్పుడు ముందు స్టూల్ జరిపి కూర్చోమంటాను. ఇది ఎప్పుడు చూసిన్రు, ఆనాడు పెట్టె ఎందుకు తీసిన్రు అని అడుగుతాను. ఎందుకు తీశారో చెప్పడానికే వాళ్ళకు ఎక్కువ సమయం పడుతుంది. అది పూర్తయ్యేదాకా బిళ్ళను చేతిలోకి తీసుకోను.