పదిహేడో నంబరు చక్రాల కుర్చీ

ఆవిడ అసలు పేరు జీతాల రిజిస్టరుకు తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. అందరికీ ఆవిడ రసీదక్క. రోగులకు చక్రాల కుర్చీలు, చంకకర్రలు, మడతమంచాలు ఉచితంగా అరువిచ్చే ఒక చిన్న సేవాసంస్థలో పద్దెనిమిదేళ్లుగా గుమాస్తా. వచ్చినవాడు ఒంటికాలి మీద ఊగుతున్నా సరే, రసీదు మీద సంతకం పడనిదే కర్ర చేతికిచ్చేది కాదు. "పడిపోతానక్కా" అంటే "సంతకం పెట్టి పడండి" అనేది. అలా అంటూనే రెండో చేత్తో అతని రెక్క పట్టుకుని ఉండేది.

సంస్థ అధ్యక్షుడు పళ్ల డాక్టరు. ఒక సోమవారం ఉదయం ఆయన ఉత్తరం పట్టుకుని వచ్చాడు. ఆ ఏడు విరాళాలు పెరిగాయి గనుక బయటి ఆడిటరు వచ్చి లెక్కలు చూడాలట. అప్పటిదాకా ఏటా ఆయనే నాలుగు పేజీలు తిప్పి సంతకం చేసేవాడు. పన్నయినా పద్దయినా, ఎవరూ నొప్పి అనకపోతే ఆయన దృష్టిలో బాగున్నట్టే.

"మూడు వారాల్లో వస్తారట. మనం ఏమీ పోగొట్టలేదు కదా?" అన్నాడు.

"ఒక్క కాగితం ముక్క కూడా పారెయ్యలేదండీ."

"అదే నా భయం," అన్నాడు డాక్టరు, తలుపులు మూతపడని బీరువా వైపు చూస్తూ.

ఉత్తరం వెనక ఒక జాబితా ఉంది. రసీదు పుస్తకాలు, ఖర్చుల వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూసిన క్యాష్ బుక్కు, మీటింగుల మినిట్స్ పుస్తకం. ఫలానా పనికని ఇచ్చిన విరాళం ఆ పనికే వాడారనడానికి ఆధారం కూడా కావాలి. అన్నిటికన్నా చివర, వస్తువుల రిజిస్టరులో ఉన్న ప్రతి వస్తువునూ కళ్లారా చూస్తామని రాసి ఉంది.

ఆ సాయంత్రం జాబితాను ఇంట్లో మామగారికి చదివి వినిపించింది. ఆయన ముప్ఫై మూడేళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు.

"ఆడిట్ అంటే చెకింగే కదమ్మా," అన్నాడాయన, టీవీ గొంతు తగ్గించి. "చెకింగువాడు బస్సెక్కాక కండక్టరు మూడు పనులు చెయ్యకూడదు. సంచీ తడమకూడదు. అడక్కుండా ఏదీ చెప్పకూడదు. నవ్వకూడదు."

"నవ్వితే ఏమవుతుంది మామయ్యా?"

"ఊరికే నవ్వే కండక్టర్ని ఎవడు నమ్ముతాడు?"

మర్నాటి నుంచి రోజూ రిహార్సల్సు. ఆయన ఆడిటరు, ఆవిడ రసీదక్కే. "ఎన్ని టికెట్లు తెగాయి?" అని ఆయన, "రసీదులు మామయ్యా" అని ఆవిడ. ఆపైన నవ్వకుండా ఉండే అభ్యాసం, గడియారం పెట్టుకుని అయిదు నిమిషాలు. షాపు నుంచి వచ్చిన ఆవిడ భర్త, తండ్రీ పెళ్లామూ ఒకరినొకరు గుడ్లురిమి చూసుకోవడం గమనించి, చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఆఫీసులో పని అంత సులువుగా సాగలేదు. వోచర్లన్నీ పాత బిస్కెట్ డబ్బాల్లో పదిలంగా ఉన్నాయి, కాకపోతే తేదీల ప్రకారం కాదు. ఒక డబ్బా మీద 'వానలో తెచ్చినవి' అని, ఇంకోదాని మీద 'గొడవపడి రాబట్టినవి' అని రాసి ఉంది. ఆవిడకు అందులో ఏదైనా చిటికెలో దొరికేది. ఇంకెవరికీ ఏడేడు జన్మలెత్తినా దొరకదు. వాటిని తేదీల వరసలో పెట్టడానికి నాలుగు రోజులు పట్టింది.

డాక్టరు మినిట్స్ పుస్తకాన్ని మొదటిసారి పూర్తిగా చదివి తల పట్టుకున్నాడు. 'అధ్యక్షులవారు తుమ్మిరి. సభ్యులు చిరంజీవ అనిరి. ఏకగ్రీవము.'

"ఇది కూడా రాయాలా?"

"జరిగింది కదండీ."

ఇక కుర్చీలు. రిజిస్టరులో ముప్ఫై నాలుగున్నాయి. గదిలో ఇరవై ఒకటి. పన్నెండింటి కోసం ఆవిడ రసీదులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఒక కుర్చీలో పిల్లి నాలుగు కూనల్ని పెట్టింది. ఇంకో కుర్చీ మీద నీళ్ల డబ్బాలు మోస్తున్నారు. ఏమైతేనేం, పన్నెండూ కనబడ్డాయి. పదిహేడో నంబరుకు మాత్రం మనిషీ లేడు, రసీదూ లేదు.

ఆదివారం పొద్దున ఆ సంగతే చెప్పి దిగాలుగా కూర్చుంది.

"పదిహేడా? ఎవడో కొట్టేసి ఉంటాడు. నా మాట విని పోలీసు రిపోర్టు ఇవ్వు," అని మామగారు కళ్లజోడు కోసం చక్రాలు తిప్పుకుంటూ అలమార వైపు వెళ్లాడు. కుర్చీ వీపు మీద ఎర్ర రంగుతో 17 అని ఉంది. ఆవిడ చేతిరాతే.

ఆరేళ్ల కిందట ఆయన కాలు బెణికినప్పుడు వచ్చిన కుర్చీ అది. నెలకే కాలు బాగై ఆయన రోజూ పొద్దున్నే మూడు వీధులు నడిచి వస్తున్నాడు. టీవీ ముందు మాత్రం ఆ కుర్చీలోనే సుఖం. ఆవిడ దాన్ని వారం వారం తుడిచింది కూడా.

"మామయ్యా, కాస్త లేవండి."

"ఎందుకమ్మా?"

"మీరు దాని మీదే కూర్చున్నారు."

ఆయన లేచి వెనక్కి తిరిగి చూశాడు. "నాకు టికెట్ లేదా?" అన్నాడు.

"లేదు. తొందర్లో రాయలేదు. పోనీ, ఆరేళ్ల కిందటి తేదీ వేసి ఇప్పుడు..." అని ఆవిడ మాట మింగింది.

"వద్దు. దిగిన స్టాపుకి టికెట్ కొడితే నాకూ మర్యాద కాదు, నీకూ మర్యాద కాదు. నేనే తెచ్చి అప్పగిస్తా."

ఆడిట్ రోజున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఖాళీ కుర్చీని తోసుకుంటూ బయల్దేరాడు. దారిలో ఇద్దరు ఆపి, "పెద్దాయనా, మీ పేషెంటు ఎక్కడో జారిపోయినట్టున్నారు" అన్నారు.

ఆడిటరు మృదువుగా మాట్లాడే పొడుగాటి మనిషి. ఎదురుగా రసీదక్క బిగుసుకుని కూర్చుంది.

"ఒంట్లో బాగాలేదా అమ్మా?" అని ఆయన అడిగాడు.

"బాగుందండీ," అంది, పెదవి కదపకుండా.

ఆయన మినిట్స్ పుస్తకం తెరిచి, తుమ్ము దగ్గర ఆగి, రుమాలు మూతికి అడ్డం పెట్టుకుని చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. సరిగ్గా అప్పుడే మామగారు కుర్చీతో లోపలికొచ్చి, ఎవరూ అడక్కుండానే ఆరేళ్ల కథంతా చెప్పేశాడు. కోడలికి నేర్పిన మూడు సూత్రాల్లో ఒకటి అక్కడే గంగలో కలిసింది.

"నేను దొంగల్ని పట్టడానికి రాలేదండీ," అన్నాడు ఆడిటరు. "రేపు ఈ అక్కగారు పని మానేస్తే, ముక్కూమొహం తెలియని మనిషి ఈ కాగితాలు చూసి ఏం జరిగిందో చెప్పగలగాలి. నేను చూసేది అదే."

రెండు రోజులు చూసి ఆయన లెక్కలు సరిగ్గా ఉన్నాయని రాశాడు. కొన్ని సలహాలూ ఇచ్చాడు: వోచర్లు ఇకముందు కూడా ఇలాగే తేదీల వరసలో ఉంచాలి, ఉద్యోగుల బంధువులకు వస్తువిస్తే అధ్యక్షుడి సంతకం ఉండాలి, మినిట్స్‌లో తీర్మానాలు మాత్రమే రాయాలి. ఆఖరిది డాక్టరుకు అమితంగా నచ్చింది.

పదిహేడో కుర్చీ మర్నాడే కాలు విరిగిన ఒక పెయింటరు ఇంటికి వెళ్లింది. మామగారు మూడు రోజులు చెక్క కుర్చీలో కూర్చుని మూలిగి, నాలుగో రోజు పద్ధతిగా దరఖాస్తు పెట్టుకున్నాడు. డాక్టరు ఆయన్ని వరండాలో అటూ ఇటూ నడిపించి చూసి, దాని మీద 'చక్కగా నడవగలరు' అని రాసి తిప్పి పంపాడు. ఆయన అలిగాడు. అయితే వస్తువులు ఎవరెవరి ఇళ్లల్లో ఎలా ఉన్నాయో చూసి రావడానికి ఒక నడవగలిగిన మనిషి కావాలని డాక్టరు కబురు పెట్టేసరికి అలక దిగింది.

అప్పటి నుంచి శనివారం మధ్యాహ్నాలు ఆయన చెప్పాపెట్టకుండా తలుపులు తట్టడం మొదలుపెట్టాడు. ఇంట్లో టీవీ ఆగిపోయేది. రసీదక్క ఫ్యాను కింద చాప పరుచుకుని, సాయంత్రం దాకా హాయిగా నిద్రపోయేది.