నాలికకు తగలొద్దు

నందికొండలో డ్యాము కడుతున్న రోజుల్లో నేను అక్కడి బడిలో టీచర్ని. నా ముందుపన్ను ఒక పక్క పుచ్చితే దవాఖానలో పండ్ల డాక్టరు తెల్లటి సిమెంటు నింపాడు. నింపడం కన్నా దాన్ని నున్నగా చేయడానికే ఆయనకు ఎక్కువసేపు పట్టేది. సన్నటి గరుకుపట్టీకి వ్యాజిలిన్ రాసి, పండ్ల సందున మెల్లగా అటూ ఇటూ లాగేవాడు. అద్దం ఇచ్చేవాడు కాదు. ఆగిన ప్రతిసారీ అదే మాట:

"నాలిక పెట్టి చూడుండ్రి టీచరమ్మా. తగుల్తాందా?"

మొదటిరోజే ఏమీ తగల్లేదు. అయినా "జర తగుల్తాంది" అన్నాను. మర్నాడూ వెళ్లి అదే చెప్పాను. మూడోనాడు ఆయన పట్టీ పక్కన పెట్టి నవ్వాడు.

"ఇంక రుద్దితే పన్నే మిగలదు. రేపు ఊకెనే రాండ్రి, చాయ తాగుదాం."

సిగ్గేసి నేను మళ్లీ పోలేదు. నెల తిరగకముందే ఆయనకు కొల్లాపూర్ బదిలీ అయింది.

ఆ సిమెంటు కొన్నేళ్లకే పచ్చబడి, అంచు లేచింది. తీసేసి కొత్తది పెడతామని వేరే డాక్టర్లు అన్నారు. నేనే ఒప్పుకోలేదు. ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు నాలిక దానంతటదే అక్కడికి పోతుంది.

తగుల్తాంది డాక్టరుగారూ. ఇప్పుడు నిజంగనే తగుల్తాంది.