నడిమి మూడు చుక్కలు

మా నాయనకు చెవులు సరిగ్గా వినపడవు. ముప్పై ఏళ్లు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తే, కోత మిషన్ల మోతకు మెల్లమెల్లగా పోయాయి. ఫ్యాక్టరీలో ఆయన పని రాయి కొయ్యడం కాదు, కోసిన పలకలు చూడడం. పలకను ఎడమ చేతిలో పెట్టుకుని, కుడిచేతి వేలి కణుపుతో నట్టనడుమ కొట్టేవాడు. ఖంగుమంటే మంచిది, టప్పుమంటే లోపల పగులుంది. వినికిడి తగ్గాక కొట్టడం మానేసి బొటనవేలితో మధ్యలో రుద్ది చూసేవాడు. కొన్నాళ్లు అట్లా నెట్టుకొచ్చి, ఒకరోజు ఒక పలక చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు. మళ్లీ పనికి పోలేదు.

ఆ పలకే ఇప్పుడు మా ఇంట్లో ఆయనతో మాట్లాడే సాధనం. అన్నం తింటావా, నీళ్లు తోడమంటావా లాంటివి అరుస్తాం. ముఖ్యమైన సంగతైతే బలపంతో రాయాలి. అరిచీ అరిచీ మా అందరి గొంతులూ పెద్దవైపోయాయి. గిద్దలూరు నుంచి వచ్చిన మేనత్త రెండు రోజులు ఓర్చుకుని, “మీరు మాట్లాడుకుంటాండారా, కొట్లాడుకుంటాండారా?” అని అడిగింది.

నేను ఇంట్లో కూర్చుని కంప్యూటర్ ఆటలకు బొమ్మలు వేస్తాను. మనుషుల్ని కాదు, వాళ్ల వెనక కనిపించే కొండలూ చెట్లూ. ఆ కొండలన్నీ యర్రగొండపాలెం బస్సులోంచి నేను చూసిన కొండలేనని ఆ విదేశీ కంపెనీకి తెలియదు. వాళ్లు జీతం క్రిప్టోలో ఇస్తారు. డాలరుతో సమానంగా నడిచే నాణెం ఒకటి నా ఫోనులోని వాలెట్‌కు వస్తుంది. దాన్ని రూపాయలు చేసుకోవాలంటే, ఈ నాణేలు అమ్మిపెట్టే ఎక్స్ఛేంజ్‌లో నా ఖాతాకు ఇచ్చిన అడ్రస్‌కు పంపాలి. ఆ అడ్రస్‌లో వీధి పేరూ ఇంటి నంబరూ ఉండవు. అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిపి నలభై రెండు, ఒకదాని వెనక ఒకటి. వేరేవాళ్ల అడ్రస్‌కు పంపామా, ఇక అది వాళ్లదే. బ్యాంకు అయితే మేనేజరు ముందు కూర్చుని ఏడవొచ్చు. ఇక్కడ ఏడుపు వినేవాళ్లు కూడా ఉండరు.

ఏడాదిగా ఆ వాలెట్‌లో కూడబెట్టినదంతా నాయన చెవి మిషన్ల కోసం. ఒంగోలు డాక్టరు రెండు చెవులకూ పెట్టాలన్నాడు. ఇంకా ఆలస్యం చేస్తే, మిషన్ పెట్టినా శబ్దం వినపడుతుందేమో గానీ మాట అర్థం కావడం కష్టమని కూడా అన్నాడు. ఆ మాట మాత్రం నేను పలక మీద రాయలేదు. అమ్మకు చెబితే, “ఇన్నేండ్లు నా సణుగుడు వినకుండా హాయిగా ఉండాడు, ఇప్పుడు పాపం ఎందుకు?” అని నవ్వి, వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకుంది.

డబ్బు పంపే రోజు పొద్దున నేను చాలా జాగ్రత్తగా ఉన్నాననే అనుకున్నాను. ముందు కొంచెం పంపి చూశాను. చేరింది. ఉప్మా తిని వచ్చి మిగిలినదంతా పంపడానికి కూర్చున్నాను. ఇందాకటి అడ్రస్ వాలెట్‌లో వచ్చినవీ పోయినవీ చూపే జాబితాలో ఉంటుంది కదా అని, అన్నిటికంటే పైనున్నదాన్ని కాపీ చేసి పెట్టాను. మొదటి నాలుగూ చూశాను, చివరి నాలుగూ చూశాను. ఫోన్ నంబరైనా మేమంతే, చివరి నాలుగు అంకెలు చెప్పి సరిపోయిందా అంటాం. సరిపోయింది. మధ్యలో మూడు చుక్కలున్నాయి.

నాయన పక్కనే మంచం మీద కూర్చుని ఉన్నాడు. “పంపుతాండా నాయనా!” అని అరిచాను.

“అడ్రస్ చూసినావా?”

“చూసినా! ముందు నాలుగు, వెనక నాలుగు!”

“నాలుగేంది?”

మళ్లీ అరిచాను. ఆయనకు మళ్లీ నాలుగే వినపడింది. లేచి, గోడ మేకుకున్న పలక తీసి నా ఒళ్లో పెట్టి, “అరిస్తే నాకు తెలీదు పాపా. రాయి” అన్నాడు.

నాకు చిరాకు నషాళానికెక్కింది. ఈ మనిషి చాదస్తం నా ప్రాణానికి వచ్చిందని గొణిగాను, వినపడదనే ధైర్యంతో. వాలెట్‌లో చుక్కలున్నాయి కాబట్టి, అడ్రస్ మొత్తం కనిపించే ఎక్స్ఛేంజ్ పేజీ తెరిచి, నలభై రెండూ పలక మీద మూడు వరసల్లో గీకాను. నాయన చదివింది ఐదో తరగతి. అయితే ఈ అడ్రసుల్లో అంకెలు కాక ఉండేవి ఆరేడు అక్షరాలే, వాటి ఆకారాలూ పేర్లూ ఆయనకు తెలుసు. ఒక వేలు పలక మీద, ఒక వేలు ఫోను మీద పెట్టి మొదలుపెట్టాడు. నాలుగు దాటాక ఫోను మీది వేలు ఆగింది.

“ఈ చుక్కలేంది?”

“నడిమిది చూపీకుండా దాచిపెట్టినారు!” అని చెవి దగ్గర అరిచాను.

“దాచిపెట్టినదాన్ని గదా చూడాల్సింది?” అన్నాడు. “అంచులు బాగుండాయని పలకను పంపిస్తే ఊరుకుంటారా?”

చుక్కల మీద నొక్కితే అడ్రస్ మొత్తం విప్పుకుంది. ఆయన వేళ్లు మళ్లీ కదిలాయి. ఐదోదాని దగ్గరే ఆగిపోయాయి.

“ఇక్కడ ఏడు. ఫోన్లో తొమ్మిది.”

“నేనే తప్పు రాసుంటా” అని పలక లాక్కుని ఎక్స్ఛేంజ్ పేజీతో పోల్చాను. అక్కడా ఏడే. ఆరోది కూడా తేడా. ఏడోది కూడా. రెండు కొసలూ ఒకటే, నడుమ అంతా వేరే. వాలెట్ జాబితా మళ్లీ తెరిచి చూస్తే సంగతి తెలిసింది. ఇందులో ఎవరు ఎక్కడికి పంపినా అందరికీ కనపడుతుంది. పొద్దున నేను కొంచెం పంపింది చూసి, కాసేపటికే ఎవడో దొంగ అవే కొసలున్న అడ్రస్ తయారుచేసుకుని, అందులోంచి నా వాలెట్‌లోకి చిల్లర విసిరాడు. దాంతో వాడి అడ్రస్ నా జాబితాలో పైకెక్కి కూర్చుంది. నేను ఉప్మా తిని వచ్చి దాన్నే కాపీ చేశాను. నొక్కి ఉంటే మా నాయన చెవులు ఎవడి జేబులోకో పోయేవి.

నాయనకు వినికిడి బాగుండి ఉంటే, నా ముందు నాలుగూ వెనక నాలుగూ విని తలూపేవాడు. వినపడలేదు కాబట్టి రాయించాడు. ఇది తట్టేసరికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇందాకటి గొణుగుడు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆయన భుజం మీద తల పెట్టుకుని కూర్చున్నాను. “ఏమైంది పాపా, పోయినాయా?” అని కంగారుపడ్డాడు. పోలేదు నాయనా అని పలక మీద రాశాను. ఈసారి ఎక్స్ఛేంజ్ పేజీలోంచే కాపీ చేసి పెట్టాను, ఆయన వేళ్లతో నలభై రెండూ దాటాడు, అప్పుడు పంపాను.

నెల లోపలే ఒంగోలులో మిషన్లు పెట్టించాం. ఇంటికి రాగానే ఆయన చేసిన మొదటి పని, మేకుకున్న పలక తీసి కణుపుతో నడుమ కొట్టడం. మళ్లీ కొట్టాడు. “ఖంగుమంటాంది” అన్నాడు అమ్మతో, పసిపిల్లాడిలాగా. ఇంక ముందు సణిగితే జాగ్రత్త అని కూడా అన్నాడు.

ఆ తర్వాత జీతం పంపేటప్పుడు, అలవాటుగా పలక తీసి రాయబోయాను. నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. “నువ్వు చదువు. నేను ఫోన్లో చూస్తా.” నేను కంప్యూటర్లో ఎక్స్ఛేంజ్ పేజీ తెరిచి, గొంతెత్తి మొదటి నాలుగు చదివాను.

“ఎందుకట్ల అరుస్తావు? వినపడ్తాంది.”

ఎన్నేళ్లయిందో మా నాయనతో మామూలు గొంతుతో మాట్లాడి. మెల్లగా, ఒక్కొక్కటీ చదువుకుంటూ పోయాను. ఆయన వేలు నా మాట వెంటే కదిలింది, నడిమిది మొత్తం దాటింది, చివరి నాలుగూ దాటింది.

“సరిపోయింది. నొక్కు” అన్నాడు.

కళ్ల నిండా నీళ్లు, ఫోను మసకబారింది. నొక్కడానికి నాకు కాసేపు పట్టింది.