నీళ్ళ దగ్గర నేను పిలిచిన పేరు

సహోదరులారా, అక్కచెల్లెళ్ళారా, ప్రొద్దుటూరు సంఘపెద్దలు నన్ను ఈ మైకు ముందు నిలబెట్టారు. నేను చెప్పబోయేది పట్టపగలు, మిట్టమధ్యాహ్నం, ఎండ నెత్తి మాడ్చేస్తుండగా జరిగిన సంగతి. నా భర్తను నీళ్ళు పిలిచిన సంగతి, ఆ నీళ్ళలోంచి నా ప్రభువు ఆయన్ను వెనక్కి తెచ్చి నాకు అప్పగించిన సంగతి. ఇది చెప్పమంటే ఇన్నాళ్ళూ నాకు నోరు రాలేదు, ఈ రోజు ఆయనే నోరిస్తున్నాడు, ఆయనకే స్తోత్రం!

నా పేరు కరుణమ్మ, మాది జమ్మలమడుగు, బస్టాండు వెనక సందులో రొట్టెల అంగడి మాదే. మా ఆయన గ్రీసు దేశస్థుడు. నవ్వకండమ్మా, నిజమే, తెల్లవాడే, ఇదిగో మగవాళ్ళ వైపు వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు చూడండి. ఆయన పుట్టింది సముద్రం మధ్య చిన్న దీవిలో. అక్కడి మగవాళ్ళు నడుముకు తాడు కట్టుకుని సముద్రం అడుగుకు దిగి, ఒళ్ళు రుద్దుకునే స్పంజీ ఉంటుందే, అది కోసుకొస్తారట, అదే వాళ్ళ బతుకుతెరువు. ఆ పని మానేశాక మా ఆయన ఓడల్లో వంటవాడై, చివరికి కువైట్‌లో ఒక బేకరీలో చేరాడు. నేను మన కడప జిల్లా ఆడవాళ్ళు పోయినట్టే ఇండ్లలో పనికి అక్కడికి పోయాను. శుక్రవారం మా తెలుగు కూటంలో ప్రభువు బల్లలో విరిచి పంచుకునే రొట్టె ఆయనే చేసి తెచ్చేవాడు, మా భాష ఒక్క ముక్క రాకపోయినా చివరి పాట దాకా కూర్చునేవాడు. దేవుడు మమ్మల్ని అట్లా జత చేశాడు.

మా అమ్మకు పక్షవాతం వస్తే ఇద్దరం జమ్మలమడుగు వచ్చేశాం, ఆయన మట్టితో, ఇటుకలతో సొంతంగా పొయ్యి కట్టుకుని అంగడి పెట్టాడు. మొదట్లో ఆయన రొట్టె ఎవరూ కొనలేదు. పైన గట్టిగా ఉంటుంది కదా, రాయి రొట్టె అని పేరు పెట్టి ఎగతాళి చేశారు, మెత్తటి బన్నులు కావాలన్నారు, దిల్‌పసంద్ కావాలన్నారు, పాపం అవన్నీ నేర్చుకున్నాడు. తరువాత ప్రొద్దుటూరులో పాయా అమ్మే సాయిబు ఒకాయన ఆ రాయి రొట్టెను పులుసులో ముంచుకుని తిని, ఇంక రోజూ పంపమన్నాడు. అక్కడి నుంచి పులివెందుల దాకా మా రొట్టె పోయింది. మొదట అందరూ ఆయన్ను రొట్టెల దొర అన్నారు, మన మాటలు నేర్చి మన వాళ్ళతో బేరాలాడే కాలానికి రొట్టెల మామ అయ్యాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఇదంతా దాని మీదే నిలబడి ఉంది. ఆయన అసలు పేరు మాత్రం జమ్మలమడుగులో ఎవరి నోటా వినపడలేదు. వాళ్ళకు నోరు తిరగక పిలవలేదు, నేను మాత్రం భయంతో పిలవలేదు. మొగుని పేరు పెండ్లాం నోట్లోంచి వస్తే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చిన్నప్పుడే నా చెవిలో పోసింది. మా పెండ్లిలో పాస్టరయ్య ప్రమాణం చెప్పిస్తుంటే పేరు వచ్చిన చోట నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గొణిగాను, పాస్టరయ్యా మన వైపువాడే కాబట్టి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఏమప్పా అంటే మా ఆయన పలికేవాడు, సంసారం అట్లాగే సాగిపోయింది.

ఒక వేసవిలో మైలవరం డ్యాము దగ్గర టూరిస్టుల కోసం ఒక హోటలు తెరిచారు, వాళ్ళకు రొట్టెలు ఇవ్వడానికి మా ఆయన మోపెడ్ మీద పోయి వస్తుండేవాడు. నీళ్ళు బాగా తగ్గిపోయాయి. ఎప్పుడో మునిగిపోయిన పల్లె గోడలు నీళ్ళలోంచి పైకి లేచి కనబడుతున్నాయని, తలుపులు లేని వాకిళ్ళలో నీళ్ళు నిలబడి ఉన్నాయని వచ్చి చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్ళు నన్ను చూడడం లేదు. ప్యాంటు చీలమండల దాకా తడిసి ఉంది. ఎండకు తాళలేక కాళ్ళు కడుక్కున్నాడేమో అనుకున్నాను.

తరువాత మళ్ళీ పోయినప్పుడు మోకాళ్ళ దాకా తడుపుకొచ్చాడు. ఆ ప్యాంటు దండెం మీద ఆరేస్తే, సహోదరులారా, ఆరిన చోట తెల్లటి గీత పడింది. పిండేమోనని గోటితో గీకి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు! మైలవరంలోవి పెన్న నీళ్ళు, మనమందరం తాగే చప్పటి నీళ్ళు, అందులో ఉప్పు ఎక్కడిది? చెమటేమోలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆ వారమే పాయా సాయిబు రొట్టెలు తిప్పి పంపాడు, నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా ఉన్నాయని. పిండిలో ఉప్పు వేసేది నేనే, నా చెయ్యి ఎప్పుడూ వేసేంతే వేసింది.

మా ఆయన మాటలు తగ్గిపోయాయి. మధ్యాహ్నం అంగడి తలుపు సగం దించి అందరూ కునుకు తీసే వేళకు ఈయన లేచి నిలబడేవాడు, తల ఒక పక్కకు వంచి, ఎవరో చెప్పేది వింటున్నట్టు నిలబడేవాడు. ఏమని అడిగితే ఏం లేదనేవాడు. ఒకరోజు అట్లాంటి వేళే నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను, గాలి లేదు, కాకి లేదు, సందంతా చచ్చినట్టు పడి ఉంది. నీళ్ళ డ్రమ్ములోంచి ఎవరో పిలిచారు. గట్టిగా కాదమ్మా, చాలా లోతు నుంచి, చాలా నెమ్మదిగా, మా ఆయన పేరు! నేను ఇన్నేళ్ళ కాపురంలో పలకని పేరు. డ్రమ్ములోకి తొంగి చూశాను, నీళ్ళు కదలలేదు, నా ముఖమే కనబడింది. ఇంట్లోంచి మా ఆయన వాళ్ళ భాషలో బదులు పలికాడు.

నా చేతిలో గిన్నె జారి కింద పడింది. లోపలికి పరిగెత్తి ఆయన చొక్కా పట్టుకుని నిజం చెప్పమని ఏడిస్తే అప్పుడు చెప్పాడు. ఆయనకు మిఖాలిస్ అని తమ్ముడుండేవాడు. స్పంజీ కోసం నీళ్ళలోకి దిగింది తమ్ముడు, పడవలో తాడు పట్టుకున్నది ఈయన. ఏ రాయికి కోసుకుందో, తాడు ఒట్టిదే పైకి వచ్చింది, మనిషి దొరకలేదు, శవం కూడా దొరకలేదు. ఆ పనిలో వాళ్ళకొక కట్టడి ఉందట. దిగినవాడు నీళ్ళ పైకి తల ఎత్తి పిలిస్తే, పడవలో ఉన్నవాడు ఆ పిలుపు వినగానే, ఎవరు ఎందుకు అని అడక్కుండా, ఇదిగో ఇక్కడున్నా అని పలకాలి, నీళ్ళలో ఉన్నవాడికి ఎదురు చూసే ఊపిరి ఉండదు. మైలవరంలో ఆ గోడల మధ్య నుంచి తమ్ముడి గొంతు వినబడిందట, ఈయన అలవాటు కొద్దీ పలికేశాడట.

మంచంలో ఉన్న మా అమ్మ ఇదంతా విని గుండె బాదుకుంది. మన వైపు సంగతి మీకు తెలుసు గదా, మిట్టమధ్యాహ్నం ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడోసారి పిలిచేదాకా ఓ అనకూడదంటారు, దయ్యం మూడోసారి పిలవలేదని. "మొదటి పిలుపుకే పలికినాడు గదమ్మా ఆయప్ప, ఇంగ అది ఇడుస్తాదా?" అని ఏడ్చింది. అప్పుడు మా ఆయన మన జమ్మలమడుగు మాటల్లోనే ఒక మాటన్నాడు. ఆ మాట నాకు అర్థం కావడానికి ప్రాణం మీదికి రావలసి వచ్చింది. "ఈడ నా పేరు ఎవురూ పిలవరు కరుణా. వాడొక్కడే పిలుస్తాండాడు."

మా అమ్మ తాయెత్తు కట్టించమంది, నేను ఒప్పుకోలేదు. పాస్టరయ్య వచ్చి ఉపవాస ప్రార్థన పెట్టాడు, సంఘమంతా మోకరించింది. నేను నేల మీద పడి, "ప్రభువా, ఆ గొంతు మూయించు, ఆ నీళ్ళ నోరు కట్టెయ్యి" అని గొంతు పోయేదాకా మొత్తుకున్నాను. గొంతు ఆగలేదు. ప్యాంటు మీద ఉప్పు గీత తొడల దాకా ఎక్కింది, నడుము దాకా ఎక్కింది. మోపెడ్ తాళం దాచిపెడితే నడిచి పోయాడు. దేవుడు నా మొర వినలేదని నేను కోపగించుకున్నాను కూడా, ఆయన నన్ను క్షమించు గాక.

ఆ రోజు శనివారం. పొయ్యిలో రొట్టెలు మాడుతున్న వాసన వస్తే లోపలికి పోయి చూశాను, మనిషి లేడు. బండి లేదు, నేను దాచిన తాళం వెతికి తీసుకున్నట్టున్నాడు. దొరికిన ఆటో ఎక్కి మైలవరం పోయాను, దారి పొడవునా ఎండ తప్ప ఎదురు మనిషి లేడు. కట్ట మీద మోపెడ్ ఉంది, గట్టున చెప్పులు నీళ్ళ వైపు తిరిగి పక్కపక్కనే ఉన్నాయి. గొర్రెలు కాసే ముసలాయన ఒకడు నిలబడి ఉన్నాడు. ఆయన గొర్రెల మంద అంతా నీళ్ళకు దిగకుండా, మేయకుండా, ఒక్కటి కూడా అరవకుండా ఒకే దిక్కు చూస్తోంది. అటు చూస్తే మునిగిన పల్లె గోడల మధ్య, రొమ్ముల లోతు నీళ్ళలో, మా ఆయన మెల్లగా నడిచి పోతున్నాడు. ఆ సందులో ఆయనకు ఎవరిదో ఇల్లు తెలిసినట్టు, తడుముకోకుండా పోతున్నాడు!

ఏమప్పా అని అరిచాను, ఓయప్పా అని అరిచాను, నా దేవుడా, తిరిగి చూడలేదు. "పిలుస్తానే ఉండానమ్మా, రొట్టెల దొరా అని ఇంతసేపు పిలిచినా. ఆయప్పకు మన పిలుపు చెవికెక్కడంల్యా," అన్నాడు ముసలాయన. ఆ ముసలాయనకూ నాకూ ఈత రాదు. అప్పుడు నీళ్ళ మీద నుంచి ఆ గొంతు వచ్చింది, గొర్రెలన్నీ ఒక్కసారిగా చెవులు వెనక్కి పెట్టాయి. పేరు! మళ్ళీ అదే పేరు! మా ఆయన ఇంకొక అడుగు వేశాడు, నీళ్ళు మెడకు వచ్చాయి.

నేను బురదలో మోకాళ్ళ మీద పడ్డాను. "తండ్రీ, నువ్వు దాని నోరు మూయించకపోతే పోనీ, నా నోరన్నా తెరువు. ఆయన ఆయుష్షు నా నాలుక మీద లేదు, నీ చేతిలో ఉంది, నీ చేతిలోనే పెడతాండా" అని ప్రార్థన చేశాను. ఆ ప్రార్థన నోట్లోంచి వస్తుండగానే మా ఆయన ఆనాడు నాతో అన్న మాట నాకు అర్థమైంది. ఇన్నేళ్ళు ఆయనకు అన్నం పెట్టాను, సేవ చేశాను, ఏ దేశంనుంచో వచ్చి మా ఊళ్ళో మా కోసం పొయ్యి ముందు కాలిపోయిన మనిషిని ఒక్కసారైనా ఆయన పేరుతో పిలవలేదు. ఆ నీళ్ళు పిలిచాయి, నేను పిలవలేదు. మా అమ్మ పోసిన భయాన్ని పక్కన పెట్టి లేచి నిలబడి పిలిచాను.

"లెఫ్తేరీ!"

ఆయన ఆగాడు. నీళ్ళలోంచి అది మళ్ళీ పిలిచింది, నేను దానికన్నా గొంతు ఎత్తి పిలిచాను, అది ఒకటి, నేను ఒకటి. నా గొంతు నాది కానట్టు నీళ్ళ మీద సాగిపోయింది. ఆయన మెల్లగా నా వైపు తిరిగి, నిద్ర లేచిన మనిషిలా కళ్ళు చికిలించి చూశాడు. మొదట ఆయన భాషలో, తరువాత మన భాషలో పలికాడు: "ఇదిగో, ఈడుండా కరుణా." రమ్మని పిలుస్తూనే ఉన్నాను, ఆయన అడుగు వేసేకొద్దీ పిలిచాను, గట్టు మీదికి వచ్చి నా చెయ్యి పట్టుకునేదాకా పిలవడం ఆపలేదు. గొర్రెలు తలలు వంచి నీళ్ళు తాగడం మొదలుపెట్టాయి.

ఆ ప్యాంటు ఉతికి ఆరేశాను. పెన్న బురద మరక పడింది, ఉప్పు లేదు. ఆ వారం సాయిబు రొట్టెలు బాగున్నాయని కబురు పంపాడు. ఆదివారం ఆరాధనలో పాస్టరయ్య మిఖాలిస్ పేరు అందరి ముందూ పలికి, ఆ బిడ్డను ప్రభువు చేతికి అప్పగిస్తూ ప్రార్థన చేశాడు, మా ఆయన ఆ రోజు మొదటిసారి తమ్ముడి కోసం బిగ్గరగా ఏడ్చాడు. అది తమ్ముడేనా, తమ్ముడి గొంతు ఎత్తుకున్న మరొకటా, నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఇప్పటికీ మధ్యాహ్నం సందు నిశ్శబ్దమైతే డ్రమ్ము వైపు చూస్తాను. చూసి, అది పిలవకముందే నేను పిలుస్తాను. మొగుని పేరు పెట్టి పిలిచే ఆడదని వీధిలో వాళ్ళు మూతులు తిప్పుతారు, తిప్పుకోనీ! ఆయుష్షు ఇచ్చిన దేవుడు చల్లగా ఉంచాడు మా ఆయన్ను.

ప్రియులారా, మిమ్మల్ని పేర్లు పెట్టి పిలిచేవి లోకంలో శానా ఉన్నాయి, కొన్ని మీకు బాగా ఇష్టమైనవాళ్ళ గొంతుతోనే పిలుస్తాయి. కానీ గట్టు మీద బురదలో నిలబడి మిమ్మల్ని పిలుస్తున్నవాడు ఒకడున్నాడు, మీ కోసం గొంతు పోగొట్టుకున్నవాడు, ఆయన్ను నమ్మండి. ఆయన పిలిస్తే మూడోసారి దాకా ఆగకండి, మొదటి పిలుపుకే పలకండి. మీ ఇంట్లో ఎవరినైనా చాలా కాలంగా మీరు పేరు పెట్టి పిలవకపోతే, ఈ పూటే ఇంటికి పోయి పిలవండి. నేను చెప్పవలసింది అయిపోయింది, మహిమంతా ఆయనదే. కూటం అయ్యాక పంచడానికి రొట్టెలు తెచ్చాం, బుట్ట వెనక ఉంది.

లెఫ్తేరీ, బుట్ట తీసుకుని ముందుకు రా.

అదిగో, విన్నారా? పలికాడు.