ఒలిచిన విత్తనం, తగ్గిన సుంకం

అక్టోబరు, మూడో గురువారం, సాయంత్రం. ఖిల్లా ఘణపూర్ దగ్గర మా తమ్ముడి ఇంటి వాకిలి. ఉన్నవాళ్ళు: నేను, తమ్ముడు, మరదలు, గద్వాలలో మెస్ నడిపే వాళ్ళ అల్లుడు, వెనక వాడకట్టు నుంచి కూలికి వచ్చిన ఒకామె. పని: యాసంగి (రబీ) పల్లీకి విత్తనం ఒలవడం.

విత్తనానికి మావాళ్ళు మిషన్ పట్టించరు. పప్పు మీది ఎర్ర పొర చిట్లితే మొలవదని చేత్తోనే ఒలుస్తారు. ఒలిచిన పప్పు నిలవ ఉంటే మొలక చెడుతుంది కాబట్టి విత్తే ముందే ఒలుస్తారు. పగిలిన పప్పు ఒలిచినవాళ్ళది. కూలి కాక అదీ కొంగున కట్టుకొని పోతారు. మా నాన్న నాటి పద్ధతి.

ఈసారి విత్తాలా వద్దా అని తమ్ముడు చాలా ఊగిసలాడాడు. పోయిన ఏడు కాయ మార్కెట్‌కు చేరే వేళకు ధర పడిపోయింది. పట్నంలో ఒక అపార్ట్‌మెంట్ వాళ్ళు భార్యాభర్తలిద్దరినీ కాపలా పనికి రమ్మంటున్నారు. విత్తితే ఊళ్ళో ఉంటారు, విత్తకపోతే ఇంటికి తాళం. మరదలికి తాళం వేయడం ఇష్టం లేదు. బయటి దేశాల నుంచి వచ్చే నూనెల మీద సుంకం పెంచారు కదా, పల్లీకి ధర నిలబడుతుందని నేనూ చెప్పాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మార్కెట్ యార్డుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. వాడు నమ్మాడు.

ఒలవడం దాదాపు అయిపోయింది. అల్లుడు ఫోన్ చూసి, సుంకం మళ్ళీ తగ్గించారని చెప్పాడు. చెప్పేటప్పుడు అతని ముఖం వెలిగింది. మమ్మల్ని చూసి తల వంచుకున్నాడు.

తమ్ముడు చేతిలోని కాయను చాటలోకి విసిరాడు. "అయిపాయె. పొద్దుగాల ఈ పప్పు గానుగకేస్త. పట్నం పోతం."

"విత్తనం గానుగకేస్తవా?" అంది మరదలు.

"మట్టిల పోసుడు కంటె మంచిదే కదనే."

అల్లుడు ఊరుకోలేకపోయాడు. "తప్పనుకోకు మామా. నూనె పిరమైతె నా మెస్సుల ప్లేటు రేటు పెంచాలె. ఆడ తినేది హమాలీలు, ఆటోలోళ్ళు. వాళ్ళు మనుషులు కారా?"

"గా హమాలీలు మోసేది ఎవని బస్తాలు అల్లుడా?" అన్నాడు తమ్ముడు. అల్లుడు నవ్వబోయి మానుకున్నాడు.

మమ్మల్నెవరినీ చూడకుండా కూలి ఆమె అంది: "మాకు అగ్గువ నూనె ప్యాకెటే దిక్కు. పల్లినూనె నా పొయ్యి మీదికెక్కక ఏండ్లాయె. కని పల్లి ఏస్తలేరంటె నాకు కూలేడిది? ప్యాకెట్ ఎంత అగ్గువైనా దేనితోని కొనాలె?"

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, అల్లుడి మీదా కాదు. యార్డులో ఉన్నన్నాళ్ళూ చూసింది ఇదే. కాయ ధర కాస్త తలెత్తితే చాలు, పెద్దలకు పేదవాడి వంటిల్లు గుర్తొస్తుంది, ఓడరేవులు బార్లా తెరుచుకుంటాయి. ధర నేలకు కొట్టుకున్నప్పుడు మాత్రం వ్యాపారాన్ని దాని దారిన వదిలేయాలంటారు. గేట్లు తెరవాలా మూయాలా అని చదువుకున్నవాళ్ళు వాదించుకోనీ. మనకు సరిపడా నూనె మనం పండించడం లేదు, కొంత బయటినుంచి రాక తప్పదు. అది నాకూ తెలుసు. కానీ పల్లీ చేతికి రావడానికి నాలుగు నెలలు పడుతుంది, సుంకం మార్చడానికి ఒక్క పూట చాలు. పొలం పైరు మీద ఉండగా గట్టు జరిపేవాణ్ణి మా ఊళ్ళో ఏమని తిడతారో చిన్నపిల్లలకూ తెలుసు. అదే పని ఢిల్లీలో చేస్తే విధానం అంటారు. ఇదంతా గొంతు పెంచి అన్నాను. మరదలు మాత్రం మిగిలిన కాయ ఒలుస్తూనే ఉంది.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను.

తెల్లారి లేచేసరికి తమ్ముడు గానుగకు పోవడానికి ఆటోను పిలిచి, సంచి పట్టుకొని వాకిట్లో నిలబడి ఉన్నాడు. పందిరి నీడలో గోనెపట్టాల మీద పప్పంతా ఆరబోసి ఉంది. మామూలు రంగులో లేదు, కుంకుమలా ఎర్రగా ఉంది. చీకటితోనే లేచి మరదలు విత్తన మందు పట్టించింది. మందు పట్టిన పప్పు తినడానికి, గానుగకు పనికిరాదు. మట్టిలో వేయాలి, లేదా పారబోయాలి.

"గానుగోడు నూనె పడుతడేమో అడుగు పో," అంది. చేతులకు కట్టుకున్న ప్లాస్టిక్ కవర్లు ఇంకా విప్పలేదు.

తమ్ముడు తిడతాడనుకున్నాను. సంచి మడిచి చంకన పెట్టుకున్నాడు, ఆటో అతన్ని వెనక్కి పంపాడు, విత్తే గొర్రు కట్టుకొని రమ్మని ట్రాక్టర్ అతనికి ఫోన్ చేశాడు. రావడం లేదని పట్నానికి మాత్రం ఫోన్ చేయలేదు. నా కోపం ఇంకా అట్లాగే ఉంది.

విత్తే వేళకు కూలి ఆమె పొలానికి వచ్చింది. మందు తగలకుండా ముందే ఏరి పెట్టిన పగిలిన పప్పు గిన్నెను మరదలు ఆమె కొంగులో వంచింది.