బహుళార్థ సాధక పాఠశాలలో బాలమణి

జహీరాబాద్‌లో బాలమణిని ఇప్పటికీ పొగరుబోతు అనేవాళ్లున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఆమె చదివిన హైస్కూలు గురించి గర్వంగా చెప్పుకునేవాళ్లే. ఆ స్కూలు ఎలాంటిదో చెబితే ఆ పొగరు ఎక్కడిదో తెలుస్తుంది.

హెడ్మాస్టరు విరూపాక్ష సార్ 1959లో అమెరికా వెళ్లొచ్చాడు. ప్రభుత్వమే పంపింది. ఒహాయోలో ఒక హైస్కూలు చూసి, ఆ స్కూల్లో ఎన్ని శాఖలున్నాయో, ఎన్ని సంఘాలున్నాయో, పిల్లలే పత్రిక ఎలా నడుపుతారో, పిల్లలే నాయకుణ్ణి ఎలా ఎన్నుకుంటారో కంఠతా పట్టుకుని, ఒక ఉన్ని ఓవర్‌కోటు వేసుకుని రైలు దిగాడు. ఆ ఏడే మా హైస్కూలును బహుళార్థ సాధక పాఠశాలగా మార్చారు. సార్ చేసిన మొదటి పని పెయింటరును పిలిపించడం. గదికొక బోర్డు లేచింది. వ్యవసాయ శాఖ, సాంకేతిక శాఖ, వాణిజ్య శాఖ, విజ్ఞాన శాఖ, గృహవిజ్ఞాన శాఖ, లలితకళల శాఖ. ఇంగ్లీషులో పెద్దక్షరాలు, కింద తెలుగులో చిన్నక్షరాలు.

బోర్డుల వెనక ఏముందో చూసినవాళ్లకు తెలుసు. వ్యవసాయ శాఖంటే బడి వెనక రాళ్ల నేల. మొగుడంపల్లి నుంచి వచ్చిన రైతుల పిల్లలకు అక్కడ పల్లీలు ఎలా విత్తాలో నేర్పేవారు, అదీ పుస్తకంలో చూసి. మొలిచినవి మేకలు మేశాయి. సాంకేతిక శాఖకు హైదరాబాద్ నుంచి ఇనుము చెక్కే లేతు మిషను వచ్చింది. బడికి కరెంటు లేదు. అది చెక్కపెట్టెలోనే వరండాలో ఉండిపోతే పిల్లలు దాని మీద కూర్చుని సద్ది తినేవారు. లలితకళలంటే ఒక హార్మోనియం. పిల్లల పత్రిక ఒక్కసారి వెలువడింది. మంచులో ఓవర్‌కోటుతో నిలబడ్డ హెడ్మాస్టరు ఫోటో అందులో మొదటి పేజీ.

ఆ బడిలోకి తొమ్మిదో తరగతికి వచ్చింది బాలమణి. తల్లి దేవమ్మ మిషన్ దవాఖానలో ఆయా. తండ్రి కోహీర్ వైపు చెరకు గానుగల దగ్గర పనికి పోయేవాడు. దవాఖాన వసారాలో ఆడుకుంటూ పెరిగిన పిల్ల. ఒకరోజు అక్కడి డాక్టరమ్మ, ఆమెది అమెరికాయే, పిలిచి సూక్ష్మదర్శినిలో ఒక రోగి నెత్తురు చుక్క చూడనిచ్చింది. ఆ రోజు నుంచి బాలమణికి వేరే చదువు మీద మనసు పోలేదు. సైన్సు తీసుకుంటానని పేరు రాసిచ్చింది. హెడ్మాస్టరు ఆ పేరు కొట్టేసి గృహవిజ్ఞానంలో రాశాడు. ఆడపిల్లలందరి పేర్లూ అక్కడే రాశాడు.

గృహవిజ్ఞాన శాఖలో కిరసనాయిలు స్టవ్వు ఒకటి, అల్లిక సూదులు కొన్ని. ఇంట్లో వంట చేసి, అంట్లు తోమి, చెల్లెళ్లకు జడలేసి బడికొచ్చిన పిల్లలకు అక్కడ ఉప్మా చేయడం నేర్పేవారు.

దేవమ్మ పని మానుకుని బడికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి, తన బిడ్డను సైన్సులో కూర్చోబెట్టమని అడిగింది. విరూపాక్ష సార్ కుర్చీలోంచి కదలలేదు.

"ఆడపిల్లల కోసమే గీ శాఖ పెట్టిన దేవమ్మా. అమెరికల ఆడపిల్లలంత గదే సదువుతరు. నేను కండ్లార చూసొచ్చిన."

అమెరికా పేరు వినగానే దేవమ్మ వెనక్కి తగ్గింది. బాలమణి తగ్గలేదు. మరి మా డాక్టరమ్మ కూడా ఉప్మానే చదివిందా అని తల్లిని దారి పొడుగునా అడుగుతూ ఇంటికి వచ్చింది.

మరుసటి ఏడు సార్‌కు శాఖల దినోత్సవం జరపాలని బుద్ధి పుట్టింది. అమెరికాలో అలా చేస్తారట. ముఖ్య అతిథిగా ఆ డాక్టరమ్మనే పిలిచాడు. ఊరి పెద్దలంతా ఇంటి ఆడవాళ్లతో వచ్చారు. సార్ ఎండలో కూడా ఓవర్‌కోటు వేసుకుని, అమెరికాలో ఉన్న అవకాశాలన్నీ ఇప్పుడు జహీరాబాద్‌లోనూ ఉన్నాయని చాలాసేపు మాట్లాడాడు. తర్వాత అతిథిని గది గదికీ తిప్పాడు. వ్యవసాయ శాఖలో పారలు పట్టుకున్న పిల్లలే దొడ్డిదారిన పరుగెత్తి సాంకేతిక శాఖలో సుత్తులు పట్టుకున్నారు. డాక్టరమ్మ చూసిందో లేదో గాని ఏమీ అనలేదు. పెద్దమనుషులూ చూశారు. వాళ్లూ ఏమీ అనలేదు. వాళ్ల కొడుకులు హైదరాబాద్ బళ్లలో చదువుతున్నారు.

గృహవిజ్ఞాన శాఖలో బాలమణి ఉప్మా పళ్లెం అందించాలి. అందించింది. అందించి అక్కడే నిలబడి, అందరూ వింటుండగా అడిగింది.

"డాక్టరమ్మా, అమెరికల ఆడపిల్లలు సైన్స్ సదువరా?"

డాక్టరమ్మ తెలుగు నేర్చుకున్నది రోగుల దగ్గర. కాబట్టి మా తెలుగే మాట్లాడేది.

"ఎందుకు సదువరు? నేను బడిల సైన్సే సదివిన. వంట క్లాసుల ఫెయిలైన."

ఆడవాళ్లు నవ్వారు. వాళ్లను చూసి పెద్దమనుషులూ నవ్వారు. విరూపాక్ష సార్ కూడా నవ్వాల్సి వచ్చింది. డాక్టరమ్మ ఉప్మా బాగుందని చెప్పి జీపెక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ బడి సంగతి ఆమె మళ్లీ అడిగినట్టు లేదు.

మర్నాడు బాలమణిని సైన్సులోకి మార్చారు. దయతో కాదు, ఊళ్లో నవ్వుకుంటున్నారని. అబ్బాయిల వెనక విడిగా ఒక బల్ల వేశారు. గెలిచాననుకుంది పాపం. విజ్ఞాన శాఖలో గాజు సామాను అలమారాకు తాళం వేసి ఉండేది. ఏదైనా పగిలితే జీతంలో కోస్తారని సైన్సు మాస్టారు నర్సప్ప దాన్ని తెరిచేవాడు కాదు. ప్రయోగం చేసితిమి, ఫలితము గమనించితిమి అని చెప్పి రాయించేవాడు. పిల్లలు రాసేవారు. గమనించింది ఎవరూ లేరు. ఒకసారన్నా తెరవమని బాలమణి అడిగితే, పరీక్షలో అడిగేది రాతే కదా అన్నాడు. అది నిజమే. ఆ రాతతోనే ఆమె ఫస్టు క్లాసులో పాసైంది. తన బడి విజ్ఞాన శాఖ నుంచి ఒక ఆడపిల్ల ఫస్టు క్లాసు తెచ్చిందని విరూపాక్ష సార్ పైకి నివేదిక పంపాడు. అలాంటి నివేదికల బలంతోనే విద్యాశాఖలో పెద్ద ఆఫీసరై సంగారెడ్డి వెళ్లాడు.

బాలమణి హైదరాబాద్‌లో పీయూసీలో చేరింది. మొదటి ప్రాక్టికల్ రోజు బ్యూరెట్‌ను తలకిందులుగా బిగించింది. గది గదంతా నవ్వింది. ఏ పల్లెటూరి బడి మీది అని లెక్చరరు అడిగాడు. బహుళార్థ సాధక పాఠశాల అని చెబితే ఇంకా నవ్వారు. ఆ ఏడు తప్పింది. హాస్టల్లో ఏడ్చింది గాని ఇంటికి మాత్రం రాలేదు. రోజూ తరగతులయ్యాక ల్యాబులో అటెండరును బతిమాలి, గాజు సామాను తానే కడుగుతానని ఒప్పించి, కడుగుతూ ఒక్కొక్కటీ ఎలా పట్టుకోవాలో నేర్చుకుంది. రెండోసారి పాసైంది. అయితే ఆ మార్కులకు మెడిసిన్ సీటు రాలేదు. ల్యాబ్ టెక్నీషియన్ శిక్షణ తీసుకుని, 1966లో మా ఊరి సర్కారు దవాఖానకే ఉద్యోగానికి వచ్చింది. డాక్టరు కావలసిన మనిషి. న్యాల్‌కల్ నుంచి బండ్ల మీద వచ్చిన జ్వరాలవాళ్ల నెత్తురు పరీక్ష చేస్తూ, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా ఉండిపోయింది.

రెండేళ్లకు బడి వార్షికోత్సవం వచ్చింది. ముఖ్య అతిథి విరూపాక్ష సారే. విజ్ఞాన శాఖ నుంచి పైకొచ్చిన ఆణిముత్యమని బాలమణికి శాలువా కప్పాలని నిర్ణయించారు. పిలవడానికి నర్సప్ప మాస్టారు దవాఖానకు వచ్చాడు. ముసలివాడైపోయాడు. ఆమె కుర్చీ వేసి, టీ తెప్పించి, చెప్పిందంతా విన్నది.

"నేను రాను సార్," అన్నది. "గా బడి నాకు నేర్పింది ఏం లేదు. వచ్చి కూసుంటే నేర్పిందని ఒప్పుకున్నట్టయితది."

"జర ఆలోచించు బిడ్డా. పెద్దసార్ బాధ పడతడు," అన్నాడు నర్సప్ప.

"పడనీయుండ్రి. నేను శానా ఏండ్లు పడ్డ."

మాస్టారు టీ తాగడం పూర్తిచేసి లేచి వెళ్లిపోయాడు. వార్షికోత్సవం ఆమె లేకుండానే జరిగింది. శాలువా వేరెవరికో కప్పారు. బాలమణి పొగరు గురించి ఊళ్లో మాట మొదలైంది ఆ రోజే. ఆ మాట ఆమె చెవిన పడ్డప్పుడు, నిజమేనని మాత్రం అన్నదట.